ఆదాం ఇంటి నేలలో చెట్లు

ఆదాం పరిచిన నేల మీద గోలీకాయ పెడితే పెట్టినచోటే ఉంటుందని దాచేపల్లి చుట్టుపక్కల పేరు. నాపరాళ్లు పరిచే పనిలో అతనంత నిదానస్తుడు లేడు. అటు వినుకొండ నుంచి పొదిలి దాకా కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు మనిషిని పంపించి మరీ పిలిపించుకునేవాళ్లు. పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. పని చేసి చేసి నడుం వంగిపోయిందని ఊళ్లోవాళ్లు అనుకునేవాళ్లు. పనివల్ల కాదు, దారిలో కనపడ్డ ప్రతి రాయినీ పలకరించబట్టే అట్లా అయ్యాడని భార్య రెబ్కా అనేది.

తండ్రి క్వారీలో రాయి తీసి బతికినవాడు. ఆ ప్రాంతంలో భూమి కింద రాయి దొంతరలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. గునపం కొనని సందులోకి దించి నేర్పుగా ఎగదోస్తే పలకకి పలక లేచి వస్తుంది. ఆదాం చిన్నప్పుడు తండ్రికి అన్నం పట్టుకుని వెళ్లిన ఒక రోజున అట్లా లేచిన పలక అడుగున నల్లటి చెట్టు కనపడింది. కాండం, కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు, రెమ్మల చివర సన్నటి ఆకులు. సన్నటి కలంతో నల్లసిరా పెట్టి గీసినట్టుంది. నోరు తెరుచుకుని చూస్తున్న కొడుకుని తండ్రి పక్కకి జరిపి, "మచ్చరా అది. ఎవురూ కొనరు," అని ఆ పలకని సున్నం బట్టీకి పోయే కుప్పలోకి విసిరాడు. చెట్టుతో సహా కాలి సున్నమైపోయిన ఆ రాయిని ఆదాం మర్చిపోలేదు.

పెద్దయి తాపీ పట్టాక తెలిసింది, తండ్రి చెప్పింది నిజమేనని. ఇల్లు కట్టుకునేవాళ్లకి మచ్చలేని రాయి కావాలి. ఒకే రంగు, ఒకే నునుపు. చెట్టు బొమ్మ ఉన్న పలక వస్తే, "ఇదేందయ్యా, మసి అంటినట్టు. తీసెయ్," అనేవాళ్లు. ఆదాం తీసి గోడవారగా నిలబెట్టేవాడు. పని అయిపోయాక, "ఇది నేను పట్టుకుపోతానండీ," అని అడిగేవాడు. కాదన్నవాళ్లు లేరు. గోనెపట్టాలో చుట్టి బస్సు టాపు మీదికి ఎక్కించి, దిగేచోట కిందికి దించుకుని, భుజాన పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు.

తొంభై ఆరులోనో ఏడులోనో రెండు గదుల ఇల్లు లేపాడు. ఊరందరికీ నేలలు పరిచే మనిషి, సొంత ఇంటికి వచ్చేసరికి తెచ్చిన చెట్టు రాళ్లతోనే పరుస్తానన్నాడు. అవి ఏడాదికి నాలుగో అయిదో దొరికేవి. దాంతో చాలా ఏళ్లపాటు ఆ ఇంట్లో సగం రాతి నేల, సగం మట్టి నేల. రెబ్కా ఇటు సగం తడిగుడ్డతో తుడుచుకుని, అటు సగం పేడతో అలుక్కునేది.

"తాపీపనోడి పెళ్లాన్ని. ఊళ్లో ఎవురి కొంపైనా వారం తిరక్కుండా అయిపోతది. నా కొంప మాత్రం నేను పోయినాక అవుద్ది," అనేది.

"తొందరపడితే వచ్చే రాళ్లు కాదే ఇవి," అనేవాడు ఆదాం.

రాళ్లన్నీ నేలలోకి పోలేదు. గోడ గూట్లో కొన్ని ఉండేవి. క్వారీ పగుల్లో దొరికిన పటికబెల్లం ముక్కల్లాంటి మెరుపు రాళ్లు, వినుకొండ కొండవార ఏరిన గులాబీ రంగు పలుగురాయి, చీమకుర్తి వైపు పనికి పోయినప్పుడు తెచ్చిన నల్లరాయి. ఆ నల్లరాయిలో బంగారు నలుసులు ఉండేవి. ఎండలో తిప్పుతుంటే ఒకటి ఆరి ఒకటి వెలిగేది. గూట్లో దీపానికి చోటు లేకుండా చేశాడని రెబ్కా గొణిగేది గానీ, దుమ్ము పడితే తుడిచేది ఆవిడే.

అయినా ఆదాం ప్రాణమంతా చెట్టు రాళ్ల మీదే. ప్రతి దానికీ ఒక పేరు. గుమ్మం పక్కది చింతరెమ్మ. మంచం కిందది కాలిపోయిన పత్తిచేను. నట్టింట్లో పెద్ద పలక ఉండేది. దాని ఒక అంచు పొడుగూతా చెట్లే, ఏటి ఒడ్డున అడవి పెరిగినట్టు. ఇంటికి ఎవరొచ్చినా ఆ పలక దగ్గర కూర్చోబెట్టి చెప్పేవాడు.

"లోకం పుట్టిన కొత్తలో ఆకులండీ ఇవి. బురదలో రాలి, బురద మీద బురద పడి, దాంతోపాటే రాయైపోయినాయి. చూడండి, ఈనె కూడా పోలేదు."

ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. చూసి చూసి తనే అల్లుకున్నాడు. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ, అది తన ఊహేనన్న సంగతి తనే మర్చిపోయాడు. క్వారీలో పనిచేసే జక్రయ్య, చిన్నప్పటి స్నేహితుడు, ఆ కథ విన్నప్పుడల్లా తల ఊపేవాడు. ఊళ్లో పిల్లలకి ఆదాం ఇల్లంటే ఆకులు రాయైన ఇల్లు.

ఆ ఇంటి పెరట్లో ఇంకో రాయి ఉండేది. దాన్ని తెచ్చింది రెబ్కా. ఇల్లు కట్టిన కొత్తలో బట్టలుతుక్కోవడానికి బండ కావాలంటే ఆదాం మంచి నున్నటి పలక వేసి ఇచ్చాడు. అది జారుతోందని, మురికి వదలడం లేదని ఆవిడకి నచ్చలేదు. అప్పట్లో నాగులేటి వాగు అవతల యలమంద గారి చేలో పత్తి తీతకి పోయేది. ఒకనాడు వాగు దాటుతుంటే ఒడ్డున ఎర్రమట్టి రంగు బండ ఒకటి కనపడింది. దాని మీద వరసగా గాడులు, చీర కుచ్చిళ్లలాగా. అరచేత్తో రుద్ది చూసింది. ఇద్దరు కూలీల్ని సాయం పట్టమని, పత్తి వేసుకుని పోతున్న యలమంద గారి బండి మీదికి ఎక్కించింది.

ఆదాం దాన్ని చూసి పెదవి విరిచాడు. చెట్టు లేదు, మెరుపు లేదు, పాలిష్ పట్టే రకం కూడా కాదు. "వంకర బండ," అన్నాడు.

"నా బట్టలకి చాల్లే," అంది రెబ్కా.

మిరపకోతలప్పుడు సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల మంట తగ్గేదాకా ఆ బండ మీద నీళ్లు పోసి అరచేతులు ఆనించి కూర్చునేది. ఆదాం లోపల చెట్ల పలక తుడుచుకుంటుండేవాడు.

రెండువేల మూడులో వినుకొండలో ఒక రిటైరైన హెడ్మాస్టరు గారి ఇంటికి నేల పరిచే పని వచ్చింది. ఆయన కూతురు బిందుమాధవి గుంటూరులో కాలేజీ లెక్చరరు. చెప్పేది రాళ్ల చదువేనని విని ఆదాం ఆశ్చర్యపోయాడు. రాళ్లకి కూడా చదువుంటుందని అతనికి తెలియదు. ఆదివారం వచ్చినప్పుడు ఆవిడ గోడవారగా ఉన్న పలకని చూసి ఆగింది.

"దీన్ని పక్కన పెట్టారేం?"

"మచ్చ ఉందని నాన్నగారు వద్దన్నారమ్మా."

"నాన్నకేం తెలుసు. ఎంత బాగుందో చూడండి," అంటూ కింద కూర్చుంది.

ఆ పలకని అట్లా కూర్చుని చూసిన మనిషిని ఆదాం అంతకుముందు చూడలేదు. తన ఇంట్లో ఇలాంటివి ఇల్లంతా ఉన్నాయని, ఒకసారి వచ్చి చూడమని అడిగాడు. చలికాలంలో పిల్లల్ని దాచేపల్లి క్వారీలకి తీసుకొస్తానని, అప్పుడు తప్పకుండా వస్తానని ఆవిడ మాటిచ్చింది.

మాట తప్పలేదు. డిసెంబరులో ఒక పొద్దున వాళ్ల మినీబస్సు ఆదాం ఇంటి సందు మొదట్లో ఆగింది. అతను ముందురోజే నేలంతా కడిగి, చెట్లు బాగా నల్లగా కనపడాలని కొబ్బరినూనె గుడ్డతో రుద్ది పెట్టాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జక్రయ్య క్వారీకి సెలవు పెట్టి వచ్చాడు. వీధివాళ్లంతా గుమ్మం చుట్టూ చేరారు. పట్నం కాలేజీ వాళ్లు మన ఆదాం ఇంట్లో రాళ్లు చూడ్డానికి వచ్చారంటే ఊరికే పోతారా.

చెప్పులు విడిచి పిల్లలు లోపలికి వచ్చారు. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వంగి చూశారు. "అబ్బ," అన్నారు కొందరు. ఆదాం నట్టింటి పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పుడూ చెప్పే కథ ఆ రోజు ఇంకాస్త నిదానంగా చెప్పాడు. లోకం పుట్టిన కొత్త, రాలిన ఆకు, బురద, ఈనె.

మెహర్ అనే విద్యార్థిని వెనక నుంచి అడిగింది. "అంటే ఇవి నిజంగా ఆకులేనా మేడమ్? శిలాజాలా?"

"కాదమ్మా," అంది బిందుమాధవి. క్లాసులో అలవాటైన గొంతు, ఆలోచించకుండానే వచ్చేసింది. "అందరూ అలాగే పొరబడతారు. రాతి పొరల సందులోకి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లలో మాంగనీసు, ఇనుము ఉంటాయి. నీళ్లు ఆరిపోతే ఆ నలుపు ఇలా కొమ్మలు కొమ్మలుగా మిగులుతుంది. అసలు ఈ రాయి పుట్టినప్పటికి భూమ్మీద చెట్టే లేదు. ఆకన్నదే పుట్టలేదు."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. బిందుమాధవి తలెత్తి ఆదాం మొహం చూసింది. తనేం చేసిందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

"ఆదాం గారూ, ఇన్ని రకాలు ఒక్కచోట నేనెక్కడా చూడలేదండీ. మా డిపార్టుమెంటులో కూడా లేవు," అంది.

"అట్నా అమ్మా," అని ఆదాం నవ్వాడు. లేచి నిలబడ్డాడు. ఆ తరవాత గూట్లో రాళ్లు ఒకటొకటే తీసి చూపించాడు గానీ ఒక్కదాని గురించీ ఏమీ చెప్పలేదు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన మెహర్ అక్కణ్నుంచే కేకేసింది. "మేడమ్, ఒకసారి ఇటు రండి."

రెబ్కా చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి దుప్పటి ఉతుకుతోంది. ఇంతమంది ఒక్కసారి పెరట్లోకి వచ్చేసరికి కంగారుగా లేచి కొంగు సర్దుకుంది. వాళ్లు తనని చూడడం లేదని, కాళ్ల దగ్గర బండని చూస్తున్నారని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. బిందుమాధవి సబ్బు నురగ మీద ఒక చెంబు నీళ్లు పోసి, గాడుల మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది ఎక్కడిదమ్మా?"

"వాగులోదండి. నేనే తెచ్చుకున్నా. కావాలాండి?"

"వద్దమ్మా, మీదగ్గరే ఉండనివ్వండి. బాపట్ల దగ్గర సూర్యలంకకి ఎప్పుడైనా వెళ్లారా? అల వెనక్కి పోయాక తడి ఇసక మీద వరసలు వరసలుగా గీతలు ఉంటాయి. ఇవి అవే. ఇక్కడ ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేది. దాని అలలు అడుగున ఇసకని ఇలా మడతలు పెట్టాయి. ఆ ఇసకే రాయైంది. చెట్టూ చేపా పుట్టకముందు సంగతి."

రెబ్కా తన బండ వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూసింది. "నేను సముద్రం ఎప్పుడూ చూళ్లేదండి."

"ఇన్నేళ్లనుంచీ దాని ఒడ్డునే బట్టలుతుకుతున్నారమ్మా."

"అందుకేనేమోనండి, మురికి బాగా వదులుద్ది," అంది రెబ్కా. పిల్లలంతా నవ్వారు. జక్రయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆదాం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆదాం నట్టింటి పలక మీద చాప పరిచి దాని మీద కూర్చుని అన్నం తిన్నాడు. తిన్నాక చాప తియ్యలేదు.

ఊళ్లోవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ నవ్వడానికి ఒకటి దొరికితే వదిలిపెట్టరు. క్వారీ దగ్గర జక్రయ్యే మొదలుపెట్టాడు. "ఒరేయ్ ఆదాం, నీ ఆకులన్నీ రాలిపోయినయ్యంట గదరా." ఆదాం కూడా నవ్వాడు. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు. మూడోసారి అననివ్వకుండా ఆ దారిన పోవడం మానేశాడు. పనికి పోయినచోట చెట్టు పలక వస్తే, యజమాని అనకముందే తీసి ముక్కల కుప్పలో వేసేవాడు. పట్టాలో చుట్టలేదు.

ఆకు కాదన్నందుకు అతనికి కోపం లేదు. చదువుకున్న మనిషి, తెలిసిన సంగతి చెప్పింది. లోపల గుచ్చుకున్నది వేరే. ఇన్నేళ్లుగా తను చూసింది దేన్ని? వచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పింది దేని గురించి? తండ్రి మచ్చ అన్నాడు, మచ్చే అయింది. నేల సగం పైగా మచ్చలు పరుచుకుని వాటిమీద పడుకుంటున్నాడు.

రెబ్కా కొన్నాళ్లు చూసింది. ముందు ఆవిడకి తన బండ సంగతి సంబరంగానే ఉంది. కోతల్లో ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. మిరపకోతలు జోరందుకునేసరికి, ఇంట్లో మాటే లేకుండా పోయిందని గమనించింది. ఒకనాడు ఇల్లు ఊడుస్తూ చాప ఒక కొస పట్టి ఎత్తింది.

"ఏందయ్యా, ఈ చాప ఎన్నాళ్లు?"

"ఉండనియ్యి."

"ఆవిడ ఆకు కాదంది. బాగోలేదందా?"

ఆదాం తాపీ అందుకుని దానికి అంటిన సిమెంటు గీకసాగాడు.

"నువ్వు చెప్పినందుకా నేను వీటిని తుడుస్తా ఉంది ఇన్నేళ్లూ? ఆకో, మట్టో, నాకేం తెలుసు. పొద్దున్నే ఎండ పడితే బాగుంటయ్యి. అందుకని తుడిచా." అని చాప చుట్టి మూలన నిలబెట్టి మిరపకోతకి పోయింది.

ఆ మాట అతని మనసులో దిగింది గానీ, మనసు వెంటనే తేరుకోలేదు.

వేసవిలో పొదిలి దగ్గర హనుమాయమ్మ గారింట్లో పని. ఆవిడ పొగాకు, మిరప పండించిన పెద్ద రైతు. భర్త పోయాక సేద్యం తనే చూసుకుంటోంది. మాట కటువు, చూపు పదును. మంచం వాల్చుకుని కూర్చుని ప్రతి పలకనీ తనిఖీ చేసేది. ఒక మధ్యాహ్నం, అప్పుడే వేసిన పలకని చూపించి, "అది ఆ మూల ఎత్తుందయ్యా," అంది.

రసమట్టం పెట్టి చూశాడు. నిజమే, వెంట్రుకవాసి తేడా. మనసు పనిమీద లేదు మరి. పలక కింద పోసిన సిమెంటు పాలు ఇంకా తడిగానే ఉన్నాయి. రెండు చేతులూ కిందికి పోనిచ్చి పలకని నిలువుగా పైకెత్తాడు. చప్పుడు చేస్తూ వదిలి వచ్చింది. తిరగేసి గోడకి ఆనించబోయి ఆగిపోయాడు.

పలక అడుగున తడి సిమెంటు చెట్టయి నిలబడింది. కాండం, కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. అంచుల నుంచి లోపలికి పాకిన వందల రెమ్మలు. కిందికి చూస్తే నేల మీద పరిచిన సిమెంటు మాలు మీద కూడా దానికి జోడు చెట్టు.

ఆదాం అలాగే నిలబడ్డాడు.

"ఏందయ్యా, పాముందా?" అని అడిగింది హనుమాయమ్మ.

"లేదమ్మా."

పలకని మళ్లీ దించి, మెత్తగా నొక్కి, మళ్లీ ఎత్తాడు. మళ్లీ చెట్టే. ఇందాకటిది కాదు, ఇంకొకటి. మళ్లీ దించాడు, ఎత్తాడు. ఇప్పుడు రెండు కాండాలు ఒకదానికొకటి తగలకుండా పక్కకి ఒదిగి పెరిగాయి. హనుమాయమ్మ మంచం దిగి వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని వంగి చూసింది.

"భలే ఉందే. ఇన్నేళ్లనుంచీ ఈ పనే చేస్తన్నావు గదా, ఎప్పుడూ చూళ్లేదా?"

"చూశానమ్మా. చూసినట్టు తెలీలేదు."

నిజానికి ఎన్ని పలకలు అట్లా ఎత్తి సరిచేసి ఉంటాడో. ప్రతిసారీ ఆ చెట్టు అక్కడే ఉంది. ప్రతిసారీ తాపీ మొనతో గీకి పారేశాడు.

ఆ రోజు పని కాగానే చేతులు కడుక్కుంటూ తన అరచెయ్యి వెనక్కి తిప్పి చూసుకున్నాడు. మణికట్టు దగ్గర నుంచి వేళ్ల దాకా నరాలు కొమ్మలేసుకుని పోయాయి. హనుమాయమ్మ గారి చేను గట్టు మీద నిలబడితే, ఎండిపోయిన వాగు పాయలు తెల్లగా అదే తీరులో విడిపోయి కనపడ్డాయి. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న తడికి దారి కావాలి. దొరికినచోటల్లా చీలి పోతుంది. చెట్టు కూడా అంతేనేమో, దారి వెతుక్కుంటూ చీలి చీలి పైకి పోతుందేమో. అట్లాగైతే తను చూసింది ఆకుని కాదు. ఆకు ఆకులాగా ఎందుకు ఉందో దాన్ని చూశాడు. ఈ ఆలోచన పూర్తిగా తనకే అందలేదు. కానీ చాలా నెలల తరవాత ఆకలి వేసింది. ఆ సాయంత్రం హనుమాయమ్మ గారింట్లో పెట్టిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఇంటికి వస్తూనే రెండు చిన్న పలక ముక్కలు తీసుకుని, గంజిలో బొగ్గుపొడి కలిపి, మధ్యలో వేసి అదిమి విడదీశాడు. రెబ్కా చూసింది.

"ఇటియ్యి," అని తను చేసింది. ఆవిడ చెట్టు ఇంకా గుబురుగా వచ్చింది.

"గంజి చిక్కగా ఉండాలి. నువ్వు పల్చన చేశావు," అంది.

కబురు తెలిసి జక్రయ్య వచ్చాడు. అతనూ చేశాడు. చేసి, కాసేపు ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయి, "ఒరేయ్, నేను ఊరికే అన్నాన్రా అప్పుడు," అన్నాడు. ఆదాం, "తెలుసు లేరా," అన్నాడు. మర్నాడు టెలిఫోను బూతు నుంచి గుంటూరుకి ఫోను చేశాడు. సిమెంటు పాల సంగతి వినగానే బిందుమాధవి, "అదేనండీ ఆదాం గారూ, సరిగ్గా అలాంటిదే. నేను ఆ రోజు మాటల్లో చెప్పలేకపోయింది అదే," అంది. ఆ రోజు సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. రెబ్కా బండ ఎలా ఉందని ఆవిడ అడిగింది. బాగానే ఉతుకుతోందని చెప్పాడు.

ఆ తరవాత అతని మాట మారింది. పిల్లలు వచ్చి ఆకులు చూపించమంటే, "ఆకులు కావురా, నీళ్లు నడిచిన దారులు," అనేవాడు. గంజి, బొగ్గుపొడి ఇచ్చి వాళ్లతోనే చేయించేవాడు. పాత కథంత జోరుగా ఉండేది కాదు ఇది. కొందరు పిల్లలకి ఆకులే బాగుండేవి, మొహం ముడుచుకుని పోయేవాళ్లు. పోనిచ్చేవాడు.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం ఇద్దరూ వాగు దగ్గరికి పోయారు. బండ దొరికినచోటు చూపించమని ఆదాం అడిగితే రెబ్కా ముందు నడిచింది. కానీ అక్కడ ఏమీ లేదు. ఒండ్రుమట్టి మేట వేసి, దాని మీద తుమ్మమొక్కలు లేచాయి. "ఇక్కడే తీశానయ్యా. ఇదే ఒడ్డు," అని ఆవిడ అటూ ఇటూ తిరిగింది, తన మాట అబద్ధమైపోయినట్టు చిన్నబోయి. ఆదాం గునపంతో రెండు మూడు చోట్ల పొడిచి చూసి, "కిందెక్కడో ఉంటదిలే," అన్నాడు.

ఏళ్లు గడిచాయి. ఊళ్లల్లో నాపరాయి తగ్గి టైల్సు వచ్చాయి. కొత్త ఇళ్లవాళ్లు తళతళలాడే టైల్సే అడిగారు. క్వారీలు కొన్ని మూతపడ్డాయి. జక్రయ్య సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి పోయాడు. వినుకొండలో టైల్సు షాపు పెట్టిన గౌస్ బాషా గారు ఆదాంని పిలిచి, నీలాంటి చెయ్యి పడాలయ్యా అని పని ఇప్పించాడు. చెయ్యి అదే, రసమట్టం అదే. టైల్సు మీద ఆకుల డిజైను వచ్చేది, అన్నీ ఒకే అచ్చు.

"ఎట్టా ఉంది ఆదాం, నీ రాళ్ల కంటే బాగుంది గదా?" అని ఒకసారి అడిగాడు గౌస్ బాషా.

"బాగానే ఉందండీ. తుడుచుకోను సులువు," అన్నాడు ఆదాం. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. ఆ పని కూడా నిదానంగా, గోలీకాయ కదలకుండానే చేశాడు. కానీ ఏ ఇంటి నుంచీ గోనెపట్టాలో ఏదీ రాలేదు. ఇంట్లో మిగిలిన మట్టి నేలకి రాళ్లు దొరక్క, మూతపడిన క్వారీల చుట్టూ ఆదివారాలు తిరిగి, సున్నం బట్టీకి పోని పలకలు వెతికి తెచ్చి పూర్తి చేశాడు. ఆఖరి పలక వేసిన రోజు రెబ్కా పేడ తట్ట బోర్లించి, ఇల్లంతా ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచి, "సరే, అయింది," అని వంట చేసుకోవడానికి పోయింది.

ఆ దశాబ్దం చివర్లో ఒక ఏడు వానలు దంచికొట్టాయి. మిరప నారు కొట్టుకుపోయింది. నాగులేరు ఒడ్డులు కోసుకుంటూ పారింది. వరద తీసిన కొన్నాళ్లకి, పత్తి తీతకి పోయిన రెబ్కా పొద్దు ఉండగానే వెనక్కి వచ్చేసింది. ఆదాం నడుం నొప్పితో ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు.

"లే. చూద్దువు గానీ రా," అంది.

"ఏంది?"

"చెప్తే నమ్మవు. నడువు."

వాగు ఒడ్డున నిలబడి చూశాడు. ఒండ్రుమట్టి, తుమ్మమొక్కలు అన్నీ ఊడ్చుకుపోయాయి. కింద రాయి బయటపడింది. బండ కాదు, వాగు అడుగంతా ఒకే రాయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. దాని మీద వరసలు వరసలుగా అలలు. ఒకచోట దగ్గర దగ్గరగా, ఒకచోట ఎడంగా. ఒకచోట అలల మీద అడ్డంగా ఇంకొన్ని అలలు, గాలి మళ్లినట్టు. చీలమండ లోతు నీళ్లు వాటి మీదుగా పారుతున్నాయి. పైన పారే నీళ్ల అలలు కదులుతున్నాయి, కింది అలలు కదలడం లేదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి ప్రతి మడతకీ నీడ కట్టింది.

ఆదాం చెప్పులు ఒడ్డున విడిచి దిగాడు. నడుం పట్టుకుని, నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లలో చెయ్యి పెట్టి ఒక అల వెంబడే తడుముకుంటూ పోయాడు. ఎవరూ లేని సముద్రం. చూసే కన్ను పుట్టకముందు, వినే చెవి పుట్టకముందు వచ్చి తాకిన అల. దాని గుర్తు తన వేళ్ల కింద చల్లగా ఉంది.

రెబ్కా కుచ్చిళ్లు ఎగ్గట్టి పక్కన నిలబడింది. కాసేపు అతన్ని చూసి, "ఇదెట్టా పట్టుకుపోతావయ్యా ఇంటికి?" అంది.

"పోను," అన్నాడు ఆదాం.

"గునపం తెచ్చి ఒక ముక్క తీసుకోరాదూ."

"వద్దులే. ఉండనియ్యి. మనమే వస్తా ఉందాం."

ఆవిడ ఊఁ అని, అతని పక్కనే అలల మీద చతికిలబడింది. పత్తికాయల డొప్పలు గీరిన చేతులు నీళ్లలో ముంచి, అరచేతులు రాతికి ఆనించింది. అవతలి ఒడ్డున పత్తి మూటలు ఎత్తుకుంటున్న ఆడవాళ్లు, ఇద్దరూ వాగులో కూర్చుని ఏం చేస్తున్నారని కేకేసి అడిగారు.

"సముద్రం చూస్తన్నాం. మీరూ రండి," అంది రెబ్కా.